అర గీత కదిలిన ఇల్లు

వీధిలో అందరికీ ఆమె త్రాసక్క. నిజానికి త్రాసులు బాగుచేసేది ఆమె భర్త. మందుల కొట్లవాళ్లు, నగలు చేసేవాళ్లు వాడే సన్నపు త్రాసులు, గాజు పెట్టెల్లో ఉండేవి, చెడిపోతే అతని దగ్గరికే వస్తాయి. పళ్లేలు వేలాడే కాడ సరిచేయడం, కాడ ఆనే అంచు అరిగితే నూరడం, పళ్లేల బరువు సమం చేయడం అతని పని. కానీ ఏడాదిన్నరగా ముల్లు కింద ఉన్న గీతలు అతని కంటికి ఆనడం లేదు. కళ్లద్దాలు రెండుసార్లు మార్చినా లాభం లేకపోయింది. అప్పటినుంచి ముల్లు చూసి చెప్పేది ఆమె.

ఈ పని ఆమెకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పొయ్యి దగ్గర నిలబడి తల తిప్పితే అతని బల్ల కనిపిస్తుంది. ఉన్నది ఒకటే గది. పదహారేళ్లు అలా చూస్తే ఎవరికైనా వస్తుందని ఆమె అంటుంది గానీ, అందరికీ రాదు. కుడికి ఎన్ని గీతలు, ఎడమకి ఎన్ని, ఊపు ఎంత తగ్గింది, ఇవన్నీ ఆమె కూర ఉప్పు చూసినంత తేలిగ్గా చెబుతుంది. ఏ కొలతైనా మూడుసార్లు చూడాలి. మూడోది విన్నాకే అతను కాగితం మీద రాస్తాడు.

ఆ గదికి ఒక్క గొప్ప ఉంది. నేలమీది గది, మందపాటి బండలు పరిచిన నేల. ఎదురుగా లారీ వెళ్లినా ముల్లు కదలదు. మిగతావన్నీ ఇబ్బందులే. కిటికీ కింద బల్ల, ఎదురు గోడకి పొయ్యి, మధ్యలో మంచం. పదిహేనేళ్ల కూతురు బట్టలు మార్చుకోవాలంటే తాడుకి వేలాడదీసిన దుప్పటి చాటుకి వెళ్లాలి. పోయిన నెల ఒక నగల పనివాడు వచ్చి కూర్చుని కబుర్లలో పడ్డాడు. అతను లేచేదాకా ఆ పిల్ల సగం తొడిగిన గౌనుతో దుప్పటి వెనక ముప్పావుగంట నిలబడింది. ఆ రాత్రి అన్నం తినలేదు, అంతే. తలుపున్న ఇల్లు చూడాలని త్రాసక్క అనుకున్నది ఆ రోజే.

ఇల్లు దొరికింది, కానీ నగరానికి అటు చివర. రెండు బస్సులు మారాలి. రెండో అంతస్తులో హాలు, వంటిల్లు, లోపల ఒక గది. ఆ గదికి తలుపు, తలుపుకి గడియ.

"త్రాసు నిలవని ఇంట్లో నేను నిలవను," అన్నాడు భర్త. అందుకని ఆ ఇంట్లో ముల్లు నిలుస్తుందో లేదో చూడటానికి ఒక త్రాసుని వెంట తీసుకెళ్లారు. దారంతా గాజు పెట్టె త్రాసక్క ఒళ్లోనే ఉంది.

"ఏంటక్కా, పెట్టెలో పాపాయి నిద్రపోతోందా?" అన్నాడు కండక్టరు.

"లేచిందంటే నీకే ఇస్తా. మెల్లగా పోనిమ్మని మీ డ్రైవరుకి చెప్పు."

వాళ్లు మెట్లెక్కేసరికి మూడుంపావు. ఇంటావిడ తాళం తీస్తూ ముందే చెప్పింది. "నాలుగింటికి ఇంకొకళ్లు వస్తున్నారు. ముందు మాటిచ్చినవాళ్లకే ఇల్లు. తర్వాత నన్ను అనకండి."

కూతురు నేరుగా లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు, తీసిన చప్పుడు, మళ్లీ పడిన చప్పుడు. త్రాసక్క ఆ చప్పుళ్లు వింటూనే హాల్లో కిటికీ పక్కన వెంట తెచ్చిన చెక్క పలక వేసి, త్రాసు పెట్టి, దాని కాళ్ల మరలు తిప్పి మట్టం చూసింది. భర్త కాగితం, పెన్సిలు పట్టుకుని పక్కనే చతికిలబడ్డాడు.

ఆమె ముల్లుని వదిలింది. కుడికి నాలుగు, ఎడమకి మూడున్నర, కుడికి మూడు. ఊపు చక్కగా తగ్గుతోంది. ఇంతలో వీధి మలుపులో బస్సు తిరిగింది. ముల్లు వణికింది. అర గీత.

"నిలిచిందా?"

లోపల గడియ పడింది.

"నిలిచింది," అంది త్రాసక్క.

రెండోసారి కూడా బస్సు వచ్చింది, ముల్లు వణికింది, ఆమె మళ్లీ అదే చెప్పింది. ఈసారి గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. అతను మాత్రం హుషారుగా గోడ పొడవు జానలతో కొలవడం మొదలుపెట్టాడు.

"బల్ల ఇక్కడ పడుతుంది. సామాను దిగ్గానే ముందు ఆ పిల్లల మందులు కలిపే ఆయన త్రాసు పూర్తి చేసేద్దాం. వారం నుంచి అడుగుతున్నాడు. ఊఁ, మూడోది చూడు."

ఆమె ముల్లుని వదిలింది. బస్సు రాకూడదని మొక్కుకుంది. రాలేదు. నీళ్ల ట్యాంకరు వచ్చింది.

"అర గీత," అంది. "కదిలింది."

"మూడోసారి కదిలిందా?"

"మూడుసార్లూ."

అతను అరవలేదు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచినందువల్ల ఒరిగేదేమీ లేదని ఇద్దరికీ తెలుసు.

"మరి పోయిన నెల బాగుచేసి ఇచ్చిన నాలుగు త్రాసులూ?"

"అవి ఉన్నవి ఉన్నట్టు చెప్పానండీ. ఒట్టు. ఇక్కడే, ఈ తలుపు కోసం..."

"నాకెలా తెలుస్తుంది?"

ఆమె నోటి మాట తప్ప అతనికి వేరే ఆధారం లేదు.

"త్రాసు పెట్టడానికి రాతిపలకని గోడకి బిగిస్తేనో?" అంది ఆమె.

"గోడే కదులుతుంటే పలకేం చేస్తుంది?" అని అతను లేచి పెట్టె పట్టుకున్నాడు. వంటింట్లో అతను కాలు కింద పెట్టగానే పంపు మోటారు అదురు పాదాలకే తెలిసింది. ఇక మిగిలింది వీధికి దూరంగా ఉన్న లోపలి గది. అతను తలుపు తట్టాడు. "అమ్మాయ్, నువ్వు చూడు. మీ అమ్మ కాదు."

త్రాసక్క హాల్లోనే ఉండిపోయింది. ఆ బల్ల పక్కనే పెరిగిన కూతురికి ముల్లు చదవడం వచ్చు. ఆ గదిలో ముల్లు నిలిస్తే బల్ల అక్కడికే వస్తుందనీ, ఆ గది తనది కాకుండా పోతుందనీ తెలుసు.

"నిలిచింది," అని వినిపించింది. కాసేపటికి మళ్లీ, "నిలిచింది." మూడోసారి చాలాసేపు పట్టింది. బయట బస్సు వచ్చి వెళ్లిపోయింది కూడా.

"నిలిచింది నాన్నా. కదిలితే బాగుండుననుకున్నా. కదల్లేదు."

ఇంటావిడ గుమ్మంలో ప్రత్యక్షమైంది. "వాళ్లు బస్సు దిగారట, ఫోన్ చేశారు. ఏ సంగతో చెప్పండి."

లోపల తండ్రీ కూతుళ్ల బేరం నడుస్తోంది.

"పగలు గది మీది, బల్ల వేసుకోండి. నేను స్కూల్నుంచి వచ్చాక గది నాది. మీ గిరాకీలెవరూ లోపలికి రాకూడదు, హాల్లోనే కూర్చోవాలి."

"సాయంత్రం పనుంటే?"

"తలుపు కొట్టి రావాలి."

"నా పని దగ్గరికి నేను తలుపు కొట్టుకుంటూ రావాలా?"

"కొట్టి, నేను రమ్మనేదాకా ఆగాలి."

అతను హాల్లోకి వచ్చాడు. భార్య మొహం చూడకుండా, "నువ్వేమంటావు?" అన్నాడు.

"నా మాటెందుకు ఇప్పుడు?"

"ముల్లు గురించి అడగడం లేదు. ఇంటి గురించి అడుగుతున్నా."

"తీసుకుందాం," అంది త్రాసక్క. అతను ఇంటావిడ వైపు తిరిగి మాటిచ్చాడు.

తిరుగు బస్సులో పెట్టె తన ఒళ్లో పెట్టుకున్నాడు. ఆమె చేతులు చాచింది గానీ ఇవ్వలేదు. రెండు స్టాపులు దాటాక అన్నాడు, "పోయిన నెలవి నాలుగూ వెనక్కి అడగాలి."

"రేపు పొద్దున్నే నేనే వెళ్లి తెస్తా. పిల్ల చూస్తుంది."

"నువ్వూ చూడు. ఇద్దరూ విడివిడిగా చూసి, పైకి చెప్పకుండా కాగితం మీద రాయండి."

ఇన్నాళ్లలో ఆమె చూసినదాన్ని అతను కాగితం మీద అడగడం అదే మొదలు. త్రాసక్క కిటికీ వైపు తిరిగి సరే అంది.