ఆపరేషన్ పొద్దున తాగిన కల్లు

ఎస్తేర్‌తో పెట్టుకోవద్దని సిద్దిపేటలోని ఆ ప్రైవేటు దవాఖానలో అందరికీ తెలుసు. దౌల్తాబాద్‌లో కూలికి పత్తి ఏరిన తల్లి కూతురు. పదిహేడేళ్లుగా మత్తు డాక్టర్ల పక్కన నిలబడే టెక్నీషియన్. ఏదైనా తేడాగా తోస్తే డాక్టర్నయినా ఆపేస్తుంది.

ఆ రోజు బల్ల మీద హుస్నాబాద్ దుబ్బయ్య. హెర్నియా ఆపరేషన్. కొత్తగా చేరిన మత్తు డాక్టర్ సంహిత, ఆయన భయం తగ్గడానికి రవ్వంత మిడజోలం ఇచ్చింది. అంతే! ముసలాయన మాట మధ్యలోనే గురక పెట్టాడు. సంహిత మురిసిపోయి ఫెంటనిల్ సిరంజి అందుకుంది. ఎస్తేర్‌కు అనుమానం వచ్చింది. ఆ కాస్త మందుకు ఇంత నిద్రా?

మిడజోలం మనిషిని మగతలో పెడుతుంది. ఫెంటనిల్ నొప్పిని అణుస్తుంది. రెండూ ఒంట్లో కలిస్తే మాత్రం ఒకదానికొకటి జోరిచ్చి, ఊపిరి తీయడమే మరిచిపోయేలా చేస్తాయి. అందుకే రెండింటినీ తగ్గించి ఇస్తారు. మరి ఒంట్లో ముందే ఇంకో మత్తు ఉంటే?

"ఆగున్రి మేడం, ఒక్క నిమిషం" అంటూ ఎస్తేర్ బయటకు పరుగెత్తింది.

వరండాలో దుబ్బయ్య భార్య బుచ్చవ్వ కూర్చుని ఉంది. ఏమైనా తిన్నాడా అంటే లేదంది. నీళ్లు తాగాడా అంటే ఒట్టేసి మరీ లేదంది. ఎస్తేర్ గొంతు తగ్గించింది.

"అవ్వా, కల్లు తాగిండా?"

"నీళ్లు తాగొద్దన్నరు గద బిడ్డా. గొంతెండుతుందంటే పొద్దుగాల ఒక సీస నేనే పోసిన. కల్లొద్దని ఎవ్వలు జెప్పలే."

ఎస్తేర్‌కు ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఆమె నాన్న రోజూ కల్లు కాంపౌండుకు పోయినవాడే. కొన్నిచోట్ల ఆ కల్లులో కలిపే నిద్రగోళీల సంగతి ఆమెకు తెలియనిదా! ఒక్క పరుగున లోపలికి వచ్చి చెప్పింది. సంహిత సిరంజి పక్కన పెట్టేసింది. ఆపరేషన్ వాయిదా వేసి, ఆక్సిజన్ పెట్టి, ఆయన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టారు. రెండు గంటలు ఎస్తేర్ అక్కడి నుంచి కదిలితే ఒట్టు.

చివరికి దుబ్బయ్య కళ్లు తెరిచాడు. పొట్ట తడుముకుని, సంహితకు చేతులు జోడించాడు.

"జరంత నొప్పి గూడ లేదు డాక్టరమ్మా. మస్తుగ జేసిన్రు."

సంహిత పకపకా నవ్వేసింది. కొయ్యనే లేదని ఎస్తేర్ చెబితే ముసలాయన తెల్లబోయాడు.

"మరి గింతసేపు ఏం జేసిన్రు?"

"నీ ఊపిరి లెక్కవెట్టుకుంట కూసున్న తాతా" అని ఎస్తేర్ నవ్వబోయి, ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.