మొదటి వరుసలో ఖాళీ

నా పేరు తీసేశారు. నేను రాసి ఇచ్చిన ఫైల్లో మొదటి వరుసలో ఉండవలసిన నా పేరు, కోకాపేటలోని ఒక కంపెనీ వారి వెబ్ పేజీలో లేదు.

ఆ ఫైలేమిటో చెప్పాలి. ప్రోగ్రాములు రాసేవారికి తెర మీద ప్రతి మాటా ఒకే రంగులో ఉంటే కళ్లు తిరుగుతాయి. ఆజ్ఞలకు ఒక రంగు, అంకెలకు ఒకటి, కొటేషన్ల మధ్య మాటలకు ఇంకొకటి వేస్తే తప్పెక్కడుందో చూపుకు అందుతుంది. ఏ మాటకు ఏ రంగో కంప్యూటర్‌కు చెప్పే నియమాల పట్టికే నేను రాసింది. పెద్దగా ఎవరూ వాడని ఒక చిన్న కంప్యూటర్ భాషకు అలాంటి పట్టిక లేదని తెలిసి, గోపన్‌పల్లి ఫ్లాట్లో కూర్చుని ఏడాది పాటు రాశాను. ఆ భాషలో రెండు ఏటవాలు గీతలు వస్తే అక్కడి నుంచి వ్యాఖ్య, అంటే మనుషులు చదువుకోవడానికి రాసుకునే మాట. కానీ వెబ్ చిరునామాలోనూ అవే రెండు గీతలుంటాయి కదా. అది వ్యాఖ్య కాదని కంప్యూటర్‌ను ఒప్పించడానికే నాకు వానాకాలం గడిచిపోయింది.

నేను కాలేజీ మెట్లెక్కలేదు, ప్రోగ్రాములు రాయడం సొంతంగా నేర్చుకున్నదే. సికింద్రాబాదు వైపు ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు కూర్చేవాణ్ణి. గోడ క్యాలెండర్లో ఎరుపు ఎక్కడ పడాలో, నలుపు ఎక్కడ పడాలో చూసేది నేనే. ఒక ఏడాది క్యాలెండర్ అడుగున చిన్న అక్షరాల్లో నా పేరు కూర్చుకున్నాను. అచ్చయి వచ్చాక చూస్తే అక్కడ ఖాళీ. ఓనరు ఆ వరుస పీకేసి, మిగతాది కదలకుండా ఉత్త సీసపు బద్ద దూర్చాడు. అడిగితే, "ఎవడు చూస్తడురా నీ పేరు? తారీఖులు చూస్తరు గానీ" అన్నాడు. ఆ రోజు నుంచి ఖాళీ కనబడితే నాకు అక్కడ ఎవరి చెయ్యి పడిందోనని అనుమానం.

ఫైలు కంపెనీకి చేరింది మా పై అంతస్తులో ఉండే అమ్మాయి ద్వారా. కర్నూలు వైపు మనిషి, ఆ కంపెనీలోనే ఉద్యోగం. లిఫ్టు చెడిపోయిన రోజు మెట్ల మీద ఆయాసపడుతుంటే మా ఆవిడ లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చింది. ఆ అమ్మాయి చూపు నా తెర మీద పడింది. శుక్లాల ఆపరేషన్ తరువాత తెల్లటి వెలుగు నా కళ్లకు పడదు. అందుకని నల్ల తెర పెట్టుకుని, దాని మీద వ్యాఖ్యలు పాల రంగులో, మిగతావి తలా ఒక రంగులో వచ్చేలా చేసుకున్నాను.

"ఏం అంకుల్, ఇదంతా మీరొక్కరే చేసినారా? మా ఆఫీసులో నలుగురు కూర్చుని తలలు పట్టుకున్నారు. ఒక కాపీ ఇస్తారా?"

"ఇస్త. ఒక్కటే షరతు. పైన వ్యాఖ్యలో నా పేరుంటది. అది తీయొద్దు."

"అయ్యో, ఒక్క అక్షరం కూడా ముట్టుకోను అంకుల్."

మూడు నెలలకు కంపెనీ ఆ భాష నేర్పే పేజీ పెట్టింది. నా ఫైలునూ అందరూ చదివేలా అందులోనే ఉంచారు, నా రంగుల్లోనే. తెల్లటి పేజీ. కళ్లు చికిలించుకుని చూశాను. ఒకటో వరుస అని అంకె ఉంది, పక్కన ఏమీ లేదు. కిందికి పోయి చూస్తే నేను రాసుకున్న వ్యాఖ్యలన్నీ మాయం. వాటి చోట ఖాళీలు మాత్రం అలాగే ఉన్నాయి. జిరాక్సు షాపుకు పోయి ప్రింటు తీయించాను. కాగితం మీదా అంతే. మళ్లీ అదే సీసపు బద్ద!

ఆ అమ్మాయి లిఫ్టులో నమస్తే పెడితే ముఖం తిప్పుకున్నాను. ఆ సంగతి మా ఆవిడకు తెలిసింది.

"ఏం జేసింది ఆ పిల్ల నీకు?"

"నా పేరు మింగింది."

"గట్లనా? పై అంతస్తే గద, పోయి అడుగరాదు?"

"దొంగతనం చేసినోళ్లు అడిగితే ఒప్పుకుంటరా?"

"నీకు అందరూ దొంగలే. బీపీ గోలి నేను దాచిపెట్టిన్నని మొన్న నన్నూ అంటివి. జేబులనే ఉండె."

నేను పై అంతస్తుకు పోలేదు. కంపెనీకే ఉత్తరం రాశాను. ఇంగ్లీషులో నాకు కోపం సరిగా పలకదు, కాబట్టి తెలుగులోనే రాశాను. పట్టిక వాడుకోండి, అమ్ముకోండి, నాకు అభ్యంతరం లేదు, నా పేరు నాకివ్వండి అన్నాను. మాటిచ్చి తప్పింది ఎవరో, ఏ ఫ్లాటులో ఉంటుందో ఒక పేరా నిండా రాశాను. ప్రింటు మీద ఖాళీలన్నిటికీ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి జతచేశాను. రెండు వారాలు ఉలుకూ పలుకూ లేదు. చివరికి ఈ జవాబు వచ్చింది:

"నమస్కారం అంకుల్. తెలుగులో ఉందని మీ ఉత్తరం నా చేతికే ఇచ్చి, అందరికీ చదివి చెప్పమన్నారు. నా గురించి రాసిన పేరా కూడా వదలకుండా చదివినాను. మీ పేరు మొదటి వరుసలోనే ఉంది. మౌస్ నొక్కి పట్టుకుని ఆ ఖాళీ మీద లాగండి, వెనక నీలం రంగు పడి కనబడుతుంది. మీ వ్యాఖ్యలూ అంతే, ఒక్కటీ పోలేదు. మీరు పెట్టిన పాల రంగు మా తెల్ల పేజీలో కలిసిపోయింది. ఆ సంగతి మాకు మొదటి వారమే తెలుసు. ఒక్క అక్షరం కూడా ముట్టుకోను అని మీకు మాటిచ్చినాను కదా, అందుకే మార్చలేదు. లిఫ్టులో మీరు పలకరిస్తే అడుగుదామని చూస్తున్నాను. ఏ రంగు వేయమంటారు?"