మిర్చి యార్డు రోడ్డులో టర్బో

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. అంత తెలివి ఏ దారిన పోయిందా అని ఇప్పుడు ఆశ్చర్యంగా ఉంటుంది. కరోనా సద్దుమణిగి జనం మళ్లీ కార్లు కొంటున్న సమయంలో, డిగ్రీ అయీ అవగానే గుంటూరులో ఒక షోరూములో సేల్స్ ఉద్యోగంలో చేరాను. మెడకి టై, చొక్కాకి పేరు బిళ్ళ, బుర్ర నిండా ఫోన్లో చూసిన వీడియోలు. చిన్న టర్బో ఇంజన్లు అప్పుడప్పుడే జనంలోకి వస్తున్నాయి. మా దగ్గర మాత్రం అవి కదలకుండా దుమ్ము పట్టి ఉన్నాయి. మా మేనేజరు (గొంతుని బట్టి మేం వెనకాల 'హారన్‌గారు' అనేవాళ్ళం) ఒకరోజు పిలిచి, "ఒరేయ్, నెలాఖరులోగా ఒక్క టర్బో అయినా బయటికి పోవాలి, లేకపోతే నువ్వు పోతావు" అన్నాడు. నేను నవ్వాను. నాకు అమ్మడం రాకపోవడమేమిటి?

మర్నాడే ఒక జంట వచ్చారు. ఆవిడ లాలాపేటలో స్కూలు టీచరు. ఆయన పాస్టరు, ఒంగోలు వైపు ఊళ్ళల్లో కూడా ప్రార్థనలకి వెళుతుంటారు. వాళ్ళ చర్చివాళ్ళలాగే నేనూ అమ్మగారూ, అయ్యగారూ అనేశాను. "టర్బో అంటే ఏంటి నాయనా?" అని అయ్యగారు అడగడమే తడవు, ఇంజను వదిలే పొగతో లోపల ఒక చిన్న చక్రం గిర్రున తిరుగుతుందనీ, అది గాలిని బలంగా లోపలికి తోస్తుందనీ, దాంతో చిన్న ఇంజనుకి పెద్ద ఇంజను సత్తువ వస్తుందనీ ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. "మరి ఇది లేని మామూలు ఇంజను?" అన్నారు అమ్మగారు. "అది పాతకాలందండీ" అన్నాను, అదేదో మా తాతగారి పెళ్ళినాటి వస్తువైనట్టు.

ముందు టర్బోని బయటికి తీశాం. అమ్మగారు నడుపుతుంటే అయ్యగారు పక్కన, నేను వెనక. మిరప కోతల కాలం, యార్డు రోడ్డంతా బస్తాల ట్రాక్టర్లు. ఇంజను చప్పుడు వినాలని అమ్మగారు అద్దం దించడంతో ఘాటు లోపలికొచ్చింది. నత్తనడక ట్రాఫిక్‌లో ఆవిడ ఎంత తొక్కినా బండి బద్ధకంగా మూలుగుతోంది. "ఏమయ్యా, నువ్వు చెప్పిన చక్రం నిద్రపోతోందా?" అన్నారావిడ. "కొంచెం స్పీడందుకోవాలండీ, అప్పుడు చూడండి!" సరిగ్గా అప్పుడే ఆవిడకి తుమ్మొచ్చింది. యాక్సిలరేటర్ మీద కాలు బలంగా పడింది, ఓ క్షణం ఏమీ లేదు, ఆ తర్వాత చక్రం మేలుకుంది. బండి ఒక్క ఉరుకు ఉరికింది. "స్తోత్రం!" అని అయ్యగారు కేక వేశారు. బ్రేకు పడేసరికి ముందున్న బస్తాల మీద కుట్టిన దారం కూడా నాకు స్పష్టంగా కనిపిస్తోంది.

అమ్మగారు బండి పక్కకి ఆపి, కళ్ళు తుడుచుకుని, "దీన్నెలా నడపాలో నువ్వే చూపించు" అన్నారు. నేను టై సర్దుకున్నాను. "నాకు కారు నడపడం రాదండీ" అన్నాను. ముందు సీట్లలో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత అయ్యగారు నవ్వడం మొదలుపెట్టారు, ఆయన్ని చూసి అమ్మగారు, చివరికి వేరే గతి లేక నేనూ.

తర్వాత మామూలు ఇంజను బండి. అదే రద్దీలో అది చెప్పినమాట వినే పిల్లాడిలా నడిచింది. ఎంత తొక్కితే అంతే కదిలింది. అయితే ఏసీ వేసుకుని హైవే ఎక్కి, పత్తి లారీని దాటబోయేసరికి దాని అసలు రంగు బయటపడింది. ఇంజను అరుస్తోంది గానీ లారీ పక్కనే ఉంది. లారీ డ్రైవరు కిందికి చూసి, "కొత్త బండాండీ?" అన్నాడు. అయ్యగారు తీరిగ్గా, "ఇంకా కొనలేదు నాయనా" అని, అతనిది ఏ ఊరో, పిల్లలేం చదువుతున్నారో కూడా కనుక్కున్నారు. (కొంచెం కలిపి చెబుతున్నాను, కొంచెమే.)

షోరూముకి తిరిగొచ్చాక గొడవ మొదలైంది. "టర్బోయే తీసుకుందాం" అన్నారు అయ్యగారు. "నేను పాఠం చెప్పేది లాలాపేటలోనండీ, హైవే మీద కాదు" అన్నారు అమ్మగారు. చివరికి ఇద్దరూ నావైపు తిరిగారు. వెనక గాజు గదిలోంచి హారన్‌గారు చూస్తున్నాడు. "రోజూ సందుల్లో నడిపేది అమ్మగారు కదండీ. మామూలుదే హాయి" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

వాళ్ళు మామూలుదే బుక్ చేసి వెళ్ళాక హారన్‌గారు మోగాల్సినంతా మోగాడు. కానీ అయ్యగారికి టర్బో మీద మనసు చావలేదు. వారం తిరక్కుండా ఒంగోలు నుంచి తమ్ముణ్ణి వెంటబెట్టుకొచ్చారు. గ్రానైట్ పని మీద రోజంతా హైవే మీదే తిరిగే మనిషి. ఆయన చేత టర్బో కొనిపించి, డెలివరీ రోజు ముందు సీట్లో తనే కూర్చున్నారు. నా ఉద్యోగం నిలబడింది.

అమ్మగారు మాత్రం, "కార్లమ్మేవాడికి కారు రాకపోవడమేంటయ్యా, ఆదివారం ఆరాధనయ్యాక రా" అని తన కొత్త బండిలోనే నాకు డ్రైవింగ్ నేర్పారు. నల్లపాడు వైపు, రెండు పక్కలా మిరపకాయలు ఆరబోసిన కళ్ళాల మధ్య రోడ్డు మీద మొదటిసారి మూడో గేరు వేసిన సాయంత్రం నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. వెనక నుంచి ఒక సైకిలాయన గంట కొట్టి, మమ్మల్ని దాటుకుని వెళ్ళిపోయాడు. స్టీరింగుని రెండు చేతులా పట్టుకుని, నేనేమో గాల్లో తేలిపోతున్నాననే అనుకుంటున్నాను.