హాజరుపట్టీలో లేని మా చెల్లి

మొన్న జూన్‌లో బడులు తెరిచిన వారం, మా కింది వాటాలో అద్దెకుండే అమ్మాయి పొద్దున్నే కొడుకు చెయ్యి పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. ఎలమంచిలి దగ్గర పల్లెటూరు వాళ్ళది, భర్త స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు కింద వెల్డింగు పని చేస్తాడు, పిల్లవాడికి ఐదేళ్ళు నిండాయి గాని పుట్టినప్పటి నుంచీ చెవులు వినపడవు.

"మామ్మగారూ, మా బుడ్డోడిని బళ్ళో ఏద్దామనుకుంతన్నావండీ. ఇనపడదని సెప్తే ఏటంటారో అని బయమేత్తంది. మీరు సదూకున్నోళ్ళు, ఒక్కపాలి నాతో రండి" అంది.

ద్వారకా నగర్ వెనకాల ఉన్న మున్సిపల్ బడికి ముగ్గురం నడిచే వెళ్ళాం. దారి పొడుగునా ఆ అమ్మాయి చెప్పవలసిన మాటలు తనలో తను వల్లె వేసుకుంటూనే ఉంది. నేను మాత్రం, అరవై తొమ్మిదేళ్ళ దాన్ని, దెబ్బలాటకు సిద్ధపడి వెళ్ళాను. తీరా చూస్తే దెబ్బలాట అవసరమే పడలేదు. మా అమ్మాయి వయసున్న హెడ్‌మిస్ట్రెస్ పిల్లవాడి బుగ్గ నిమిరి, వైద్యులిచ్చిన కాగితం చూసి, రిజిస్టరు తెరిచి పేరు రాసేసింది. బుధవారాల్లో ఇలాంటి పిల్లల కోసం ప్రత్యేకం ఒక టీచరు వస్తుందని, తప్పకుండా పంపించమని చెప్పింది. అంతా కలిపి పావుగంట పట్టిందేమో. నేను వరండాలోకి వచ్చి బల్ల మీద కూర్చున్నాను, మళ్ళీ లేవలేకపోయాను.

"ఏటయిందండీ? కళ్ళు తిరుగుతన్నాయా? నీళ్ళు తెత్తానుండండి" అంటూ ఆ పిల్ల కంగారుగా పరుగెత్తింది. ఆమెకేం చెప్పను? ఈ పావుగంట పని కోసం మా నాన్న పదమూడేళ్ళు తిరిగాడని ఎలా చెప్పను?

మా నాన్న గోదావరి లంకల్లోంచి పోర్టులో కలాసీగా చేరడానికి వచ్చిన మనిషి. వన్‌టౌన్‌లో ఒక దర్జీ గారి ఇంటిని ఆనుకున్న వాటాలో మా కాపురం. మీలో ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకు ఓడ కూత గుర్తుండే ఉంటుంది. హార్బరులోంచి పెద్ద ఓడ కూసిందంటే మా వంటింటి అలమరలో గిన్నెలు గలగలమనేవి, ఊయలలో పిల్లలు ఉలిక్కిపడి లేచి ఏడ్చేవారు. మా చెల్లికి పది నెలలప్పుడు ఒక మధ్యాహ్నం అలాంటి కూతే వచ్చింది. దర్జీ గారి భార్య, ఆవిణ్ణి మేము ఉర్దూలో పిన్ని అన్నట్టు ఖాలా అని పిలిచేవాళ్ళం, మా అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. పక్కనే చాప మీద పడుకున్న చెల్లి కనురెప్పయినా కదపకపోవడం ఆవిడే చూసింది. చేట పక్కన పెట్టి పిల్ల తల వెనక చప్పట్లు కొట్టింది, లోపలికి వెళ్ళి పళ్ళెం తెచ్చి గరిటెతో మోగించింది. చివరికి మా అమ్మతో, "అక్కా, బిడ్డను పెద్దాసుపత్రికి తీస్కెళ్ళు. లేటు సెయ్యకు" అని మాత్రం అంది.

పెద్దాసుపత్రి డాక్టరు, పిల్లకు పుట్టుకతోనే వినికిడి లేదని, తెలివికి మటుకు ఏ లోటూ లేదని, ఇలాంటి పిల్లలకు చదువు చెప్పే పద్ధతులున్నాయని, ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే అంత మంచిదని చెప్పాడట. మా నాన్న ఆ చివరి మాట పట్టుకున్నాడు. అలాంటి బడి ఎక్కడో దూరపు ఊళ్ళో ఉందని, సీటు కావాలంటే ప్రభుత్వం నుంచి ఉత్తరం రావాలని తెలుసుకుని అర్జీలు రాయడం మొదలుపెట్టాడు. ఆయన చదివింది ఐదో తరగతి. సెలవు రోజున తలంటుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, గుండ్రటి అక్షరాలతో అర్జీ రాసుకుని, ఏదో శుభకార్యానికి వెళుతున్నట్టు ఆఫీసుకు వెళ్ళేవాడు. అప్పుడప్పుడు నన్నూ తీసుకెళ్ళేవాడు గనక ఆ గుమాస్తాల ముఖాలు నాకిప్పటికీ గుర్తే.

విద్యాశాఖ ఆఫీసులో గుమాస్తా, "ఇది మా సెక్షన్‌లోకి రాదు బావా. ఇలాటి పిల్లలంతా సంక్షేమపోళ్ళ కిందికొత్తారు, అక్కడికెళ్ళు" అనేవాడు. సంక్షేమం ఆఫీసుకు వెళితే, పింఛను లాంటివైతే మేము చూస్తాం గాని చదువు సంగతి విద్యాశాఖదే కదా అనేవారు. ఒకసారి మా నాన్న ఉండబట్టలేక, "ఏవండీ, గవర్నమెంటొకటే కదండీ, మా పిల్ల ఎవరికీ సెందకుండా ఎలాగ పోద్దండీ?" అని అడిగేశాడు. ఆ గుమాస్తా కలం ఆపి, కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారని మా నాన్న ఎప్పుడూ అనేవాడు. ఒకాయన అర్జీలో తప్పులు దిద్ది పెట్టాడట కూడాను. అందరూ మంచివాళ్ళే, పని మాత్రం ఎవరిదీ కాదు.

మా బడిలో హెడ్‌మాస్టరు చెల్లిని చేర్చుకోవడానికి ఒప్పుకోలేదు గాని, ఒకటో తరగతి టీచరమ్మ మాత్రం మా అమ్మను పక్కకు పిలిచి, "పేరు రాయడానికి నాకు అధికారం లేదమ్మా. ఓ మూల కూర్చోడానికి ఎవరి అధికారం కావాలి? పంపించండి" అంది. అలా మా చెల్లి బడికి వచ్చింది. నా కంటే మూడేళ్ళు చిన్నది. మా తరగతికీ ఒకటో తరగతికీ ఒకే హాలు, మధ్యలో ఒక నల్లబల్ల అడ్డం.

పొద్దున హాజరు పిలిచేటప్పుడు పిల్లలు ఒక్కొక్కరే లేచి పలికి కూర్చోవడం చెల్లి కళ్ళు విప్పార్చుకుని చూసేది. ఆ పిలుపేమిటో దానికి తెలియదు గాని, లేవడం బడిలో ఒక మర్యాద అని అర్థం చేసుకుంది కాబోలు, ఆఖరి పిల్ల కూర్చోగానే తనూ లేచి నిలబడేది. టీచరమ్మ రిజిస్టరు మూసేసి, తలెత్తి, దాని వంక చూసి తలూపేది. అప్పుడు మా చెల్లి మహారాణిలా కూర్చునేది. దాని చేతిరాత చూసి తీరాలి. నల్లబల్ల మీద ఉన్నదాన్ని ఒక్క గీత తప్పకుండా పలక మీదికి దించేది. అయితే అవి మాటలని, ఒక్కో మాటకు ఒక్కో అర్థం ఉందని చెప్పే దారి టీచరమ్మకూ తెలియదు, ఆవిడకు ఎవరూ నేర్పలేదు. పలక పైన దాని పేరు రాసిచ్చాం కదా, చాలాకాలం ఆ అక్షరాలంటే పలక అనే అనుకుంది. ఇంకో పిల్ల పలక మీద కూడా తన పేరే రాసిచ్చి, సంబరంగా నవ్విన రోజున మాకా సంగతి తెలిసింది.

ఇక చెప్పవలసింది ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనిది. నేను ఐదో తరగతిలో ఉండగా ఇన్‌స్పెక్టరు గారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. రేపు చెల్లిని ఇంట్లోనే ఉంచమని టీచరమ్మ నాకు చెప్పింది, నేను అమ్మకు చెప్పాను. కాని చెల్లికి ఎలా చెప్పడం? అమ్మ నీళ్ళకు వెళ్ళిన వేళ చూసి, గౌను తొడుక్కుని, పలక పట్టుకుని వచ్చేసింది. ఇన్‌స్పెక్టరు గారు తలలు లెక్కపెడితే రిజిస్టరులో ఉన్నదానికంటే ఒకటి ఎక్కువ వచ్చింది. ఎవరీ పిల్ల అన్నారు. టీచరమ్మ ముఖం పాలిపోయింది. చెల్లిని అడిగితే అది చూస్తూ ఊరుకుంది. ఆయన పిల్లల వైపు తిరిగి, "ఈ అమ్మాయి ఎవరి తాలూకు? మీలో ఎవరికైనా తెలుసునా?" అన్నారు. పిల్లలందరూ నా వంక చూశారు. ఆ రోజు నేను క్లాసు లీడరుని, కొత్త రిబ్బన్లు కట్టుకుని ఆయన ముందు పద్యం చదవడానికి ముందు వరసలో కూర్చున్నాను. నేను లేచి, "నాకు తెలీదండి" అన్నాను.

నేను లేవడం, నా పెదవులు కదలడం చెల్లి చూసింది. హాజరు పిలుస్తున్నారనుకుంది పాపం. నేను కూర్చోగానే తనూ లేచి, చేతులు కట్టుకుని, ఇన్‌స్పెక్టరు గారి వంక చూసి నవ్వింది, ఆయన తలూపుతాడేమో అని.

అటెండరు దాన్ని బయటకు తీసుకెళ్ళాడు. నెల తిరక్కుండా టీచరమ్మకు బదిలీ అయింది. వెళ్ళే రోజున ఆవిడ నా తల మీద చెయ్యి వేసి నిమిరింది. ఒక దెబ్బ వేసినా బాగుండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది. తనిఖీ మర్నాటి నుంచే చెల్లిని లోపలికి రానివ్వలేదు. బడి అయిపోయిందని, ఇక లేదని మాటలు రాని పిల్లకు ఎవరు చెప్పగలరు? ఎందుకని అడగడానికి దానికి చేతి గుర్తు లేదు, ఇందుకని చెప్పడానికి మాకు గుర్తు లేదు. రోజూ తయారై వచ్చి గేటు దగ్గర నిలబడేది. నేను కిటికీ లోంచి చూసి, చూడనట్టు తల దించుకునేదాన్ని. వానాకాలమంతా అలా వచ్చి, ఒక రోజు మానేసింది. తన వల్ల ఏదో తప్పు జరిగిందనే అనుకుని ఉంటుంది. వెళ్ళి ఖాలా కుట్టుమిషను పక్కన కూర్చుంటే, ఆవిడ ఏమీ అడగకుండా సూది దారం చేతికిచ్చి కాజాలు కుట్టడం నేర్పింది. ఏ ఆఫీసూ అడగని ఆ ఇల్లాలు నేర్పిన ఆ ఒక్క పనితోనే మా చెల్లి బతుకంతా గడిచింది.

చెల్లికి పద్నాలుగేళ్ళప్పుడు నాన్న అర్జీకి జవాబు వచ్చింది. దరఖాస్తును పరిశీలించామని, వయోపరిమితి దాటినందున ప్రత్యేక పాఠశాలలో చేర్చుకొనుటకు వీలుపడదని. నాన్న గుమ్మంలో నిలబడే రెండుసార్లు చదివాడు. "పోన్లే, మొత్తానికి సూసేరు కదా" అన్నాడు. ఆ తరవాత ఆయన మళ్ళీ అర్జీ రాయలేదు.

నేను పోర్టు ఆఫీసులో టైపిస్టుగా చేరాను, పెళ్ళయింది, అమ్మా నాన్నా పోయాక చెల్లి నా దగ్గరికి వచ్చేసింది. మావారు దాన్ని సొంత చెల్లెలిలా చూసుకున్నారు. మాకూ దానికీ మధ్య ఉన్నవి ఓ నలభై చేతి గుర్తులు, మేమే కల్పించుకున్నవి. అలలా చెయ్యి ఊపితే సముద్రం, మెడ దగ్గర గీత గీస్తే పెద్ద మంగళసూత్రం గల మా పక్కింటావిడ, పొట్ట మీద చెయ్యి వేస్తే ఆకలి. నిన్న అనడానికి గుర్తు లేదు, క్షమించు అనడానికి అసలే లేదు. ఒక ఆదివారం ధైర్యం చేసి ఆనాటి సంగతి చెప్పబోయాను. ఇన్‌స్పెక్టరులా నడిచాను, నాలా లేచి పెదవులు కదిపి తల అడ్డంగా ఆడించాను, ఏడ్చాను. అది కాసేపు తేరిపార చూసి, ఏదో తట్టినట్టు ముఖం వెలిగిపోయి, లేచి చేతులు కట్టుకుని నిలబడింది. బడి ఆట ఆడుతున్నాననుకుంది. నేను తలూపాను. కూర్చుంది.

ఆరేళ్ళ క్రితం ఒక ఉదయం చెల్లి వంటింట్లోకి వచ్చి పొట్ట మీద చెయ్యి వేసింది. నేను అన్నం పెట్టాను. రెండు ముద్దలు తిని వదిలేసింది. సాయంత్రం మళ్ళీ పొట్ట మీద చెయ్యి. పెరుగన్నం కలిపిచ్చాను, తోసేసింది, అలిగిందనుకున్నాను. మర్నాడూ అంతే. మూడో నాటికి ఒళ్ళు కాలిపోతూ ముడుచుకుపోతే అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాం. లోపల పేగుకు చిల్లి పడి చీము పట్టిందన్నారు. "ఇంత నొప్పి మూడు రోజులు ఎలా ఊరుకున్నారమ్మా, ఆవిడ చెప్పలేదా?" అని ఆ కుర్ర డాక్టరు అడిగాడు. చెప్పింది బాబూ, వచ్చినప్పుడల్లా చెప్పింది, నేనే అన్నం పెట్టాను. నాలుగో రోజు చెల్లి పోయింది.

మన కాలంతో పోలిస్తే ఇప్పుడు చాలా మారింది, కాదనను. చట్టం ఉంది, రిజిస్టరులో గడి ఉంది, పేరు రాయనని ఏ హెడ్‌మాస్టరూ అనలేడు. అయితే ఆ బుధవారపు టీచరు ఒక్కతే నాలుగు బడులు తిరగాలట. వేరే డ్యూటీలు పడ్డ నెలలో రెండు బుధవారాలు రానేలేదు. వచ్చిన రోజు మాత్రం వట్టి చేతులతో పంపదు. పోయిన వారం కింది వాటా అమ్మాయి కొడుకుని ఎత్తుకుని పైకి వచ్చి, "మామ్మగారూ, మావోడు ఏటి నేర్సుకున్నాడో సూడండి" అంటూ మురిసిపోయింది. పిల్లవాడు మోకాలి మీద గీరుకున్న చోటు చూపించి, ముఖం చిట్లించి, చేతిని అటూ ఇటూ చిన్నగా ఆడించాడు. "నొప్పెడతంది అంతన్నాడండీ" అంది తల్లి.

మరోసారి చెయ్యమన్నాను. చేశాడు. చూసి నేనూ చేశాను, నా వేళ్ళు సరిగ్గా తిరగలేదని వాడు పట్టుకుని సరిచేశాడు. రెప్పపాటు పట్టదు ఆ గుర్తుకి. అంత చిన్నది నేర్పడానికి మా చెల్లికి ఒక్క మనిషి దొరకలేదు.