ఏ సారుకు రాస్తున్నవ్?

పోలీస్ చర్య జరిగిన మరుసటి ఏడు నేను హైదరాబాదులో బీఏ చదువుతున్నాను. ఫిలాసఫీ తీసుకున్నవాళ్లకు మనస్తత్వశాస్త్రం ఒక పేపరు ఉండేది. మొదటి ఏడు దాన్ని ఉర్దూలో నఫ్సియాత్ అని చదివాం. గొడవలు సద్దుమణిగి కాలేజీ మళ్లీ తెరిచాక అవే పాఠాలు ఇంగ్లీషులోకి మారాయి. తెలుగులో వాటిని ఏమనాలో మాకూ తెలియదు, చెప్పే సారుకూ తెలియదు. అందుకే ఇంటికి వెళ్లినప్పుడల్లా బాపు అడిగే ప్రశ్నకు నేను నీళ్లు నమిలేవాణ్ణి.

"మనసు సదువుడేందిరా? వకీలు సదువు సదివితె వకీలైతరు. గిది సదివితె ఏమైతరు?"

ఆ సెలవులకు సారు మాకు ఒక పని ఇచ్చాడు. ఎవరైనా ఒక మనిషి పక్కన రోజూ గంటసేపు కూర్చోవాలి. అతను చేసిందీ అన్నదీ ఉన్నదున్నట్టు రాయాలి, మన అభిప్రాయం కలపకూడదు. ఒక ప్రశ్న వేశాక రెండోది వేయకుండా ఆగాలి. "బాధపడే మనిషికి సగం మందు మీ ఓపికే," అన్నాడు. ఇప్పుడు దాన్నే కౌన్సెలింగ్ అంటున్నారు. మా సారు మాత్రం వినడం అనేవాడు, అంతే.

ఆలేరులో రైలు దిగి, నాలుగు కోసులు నడిచి మా ఊరు చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. ఊరి మొదట్లోనే ఇద్దరు పోలీసులు ఆపి నా పెట్టె విప్పించారు. ధోవతులూ పుస్తకాలూ ఏమీ అనలేదు. నోటుబుక్కు దగ్గర ఆగారు. అందులో సగం ఉర్దూ, సగం ఇంగ్లీషు, అక్కడక్కడ మెదడు బొమ్మ. నన్ను నేరుగా గడీకి తీసుకుపోయారు. దొర పట్నం పారిపోయాక గడీలో పోలీసు క్యాంపు పెట్టారు.

క్యాంపు అధికారి మా భాష మనిషి కాదు, హిందీలో మాట్లాడేవాడు. మెదడు బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఏ కొండకు దారి అని అడిగాడు. నవ్వు ఆపుకుని నా చదువేమిటో చెప్పాను. ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. మనిషి అబద్ధం చెబుతున్నాడో లేదో మీ చదువులో తెలుస్తుందా అన్నాడు.

నాకు అప్పుడు పంతొమ్మిదేళ్లు. ఎదురుగా తుపాకీ ఉన్న మనిషి నన్ను పండితుణ్ణి అడిగినట్టు అడుగుతున్నాడు. "కొంతవరకు తెలుస్తుంది సార్," అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ అనుకుంటాను.

నోటుబుక్కు తిరిగి ఇస్తూ, ఇంకెవరూ ఆపకుండా మొదటి పేజీ మీద సంతకం చేసి ఇచ్చాడు.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ దగ్గర మా వెనకింటి గొల్లామె కూర్చుని ఉంది. వాళ్లు మాకు చుట్టాలు కారు, కానీ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె అత్త, ఆమె మొగుడు మామ. గుట్టల్లో మేపుతున్నప్పుడు, దొరల మీద పోరాడుతూ అక్కడ దాక్కున్న సంఘం వాళ్లకు గొర్రెపాలు పోశాడని మామను క్యాంపుకు తీసుకెళ్లారట. నాలుగు దినాలు ఉంచుకుని వదిలేశారు. వచ్చినప్పటి నుంచి నోట్లోంచి మాట రాలేదు. నెల కావస్తోంది.

"అల్లుడా, నువ్వు మనసు సదువుతున్నవంట గదా. మీ మామ నాతోని గూడ మాట్లాడుత లేడు. జర కూసోని సూడు కొడుకా," అంది అత్త.

ఆమె కళ్లు తుడుచుకుంటోంది. సారు ఇచ్చిన పనికి మంచి మనిషి దొరికాడని నాకు లోపల సంతోషంగా ఉంది.

మరుసటి దినం నుంచి మామ మందతో వెళ్లి గుట్ట కింద బండ మీద కూర్చునేవాణ్ణి. మామ నన్ను చూసి తల ఊపేవాడు. నేను ఒక మాట అడిగి ఆగేవాణ్ణి. అతను గొర్రెల వైపు చూస్తుండేవాడు. బూట్ల చప్పుడు వినపడితే చేతులు వెనక్కి పెట్టుకునేవాడు. అన్నం తినేటప్పుడు తలెత్తేవాడు కాదు. అన్నీ రాసుకున్నాను. మూడో దినానికే నేను రాయడం మొదలుపెట్టగానే అతను మొహం తిప్పుకోవడం గమనించాను. అదీ రాసుకున్నాను.

ఊళ్లో అందరికీ నా పని తెలిసిపోయింది. క్యాంపు పోలీసు ఎదురుపడితే, వాడు మాట్లాడాడా అని అడిగేవాడు. మామ నటిస్తున్నాడని వాళ్ల అనుమానం. ఒక సాయంత్రం బావి దగ్గర మా చిన్నాయన కొడుకు పక్కకు పిలిచాడు. నాకంటే నాలుగేండ్లు పెద్ద, నేను అన్న అనేవాణ్ణి. సంఘంలో తిరుగుతాడని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

"ఏమన్న జెప్పిండా?"

"ఏం లేదన్న. నోరే తెరుస్తలేడు."

"నాలుగు దినాలు ఉంచుకొని ఊకెనే ఇడిసిపెడ్తరా? పేర్లు జెప్పిండేమో. జెప్పి, సిగ్గుకు నోరు మూసుకున్నడేమో. నీకేమన్న తెలిస్తె నాకు జెప్పు."

సరేనని తలూపాను. క్యాంపు పోలీసుకూ అలాగే ఊపాను.

ఎనిమిదో దినం ఒక గొర్రెపిల్ల తుమ్మకంపలో ఇరుక్కుంది. నేను చెలమలో చేతులు కడుక్కుని వస్తున్నాను. మామకు నా అలికిడి తెలియలేదు. తల్లిగొర్రెను రప్పించడానికి గొంతెత్తి కూత వేశాడు. ఖంగుమంది. తర్వాత పిల్లను విడిపిస్తూ, "ఆగవే, ఆగవే" అన్నాడు, స్పష్టంగా.

పొదచాటున నిలబడిపోయాను. దొంగను పట్టుకున్నవాడి సంబరం నాది. ఆ దినం నోటుబుక్కులో రాశాను: గొంతు బాగానే ఉంది, మాట పోలేదు, ఇది నటన. అభిప్రాయం కలపొద్దన్న సారు మాట గుర్తే లేదు. ఇంతకాలం నన్ను మోసం చేస్తున్నాడన్న కోపం కూడా వచ్చింది. ఏం దాస్తున్నాడు? ఎవరి పేర్లు? ఆ ప్రశ్నలు అధికారివో, అన్నవో, నావో నాకే తెలియలేదు.

ఇంట్లో బాపు మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాడు.

"పోలీసోళ్లతోని ఏం ముచ్చట్లురా నీకు? నీ బుక్కు మీద గా సారు సంతకం ఉన్నదంట గదా?"

"తనిఖీల ఆపకుండ జేసిండు బాపు."

"ఊరంతటినీ ఆపుతున్నరు. నిన్నొక్కన్ని ఎందుకు ఆపరు?"

బావి దగ్గర నన్ను చూసి ఆడవాళ్లు మాటలు ఆపేయడం అప్పుడు గుర్తొచ్చింది.

తెల్లారి మందలో కూర్చుని అలవాటుగా నోటుబుక్కు తెరిచాను. మామ మెల్లగా నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"అల్లుడా, ఎవరికి రాస్తున్నవ్?"

నోటుబుక్కు మూశాను. "మా సారుకు మామ," అన్నాను.

"ఏ సారుకు?"

మా ఊళ్లో అప్పుడు సారంటే గడీలో ఉన్నాయనే. "కాలేజీల సారుకు," అన్నాను. మామ మొదటి పేజీ తిప్పి, సంతకం మీద వేలు పెట్టాడు. అతనికి చదువు రాదు. అయినా ఆ సంతకం ఎవరిదో ఊరందరిలాగే అతనికీ తెలుసు.

"మాట్లాడితె క్యాంపోళ్లొస్తరు. గాళ్లు పోతె సంఘపోళ్లొస్తరు. మాట్లాడకుంటె ఎవ్వరు రారనుకున్న. నువ్వొచ్చినవ్," అన్నాడు.

కోపంగా అనలేదు. గొర్రెల లెక్క చెప్పినట్టు అన్నాడు. లేచి మంద వైపు వెళ్లిపోయాడు. పేర్లు చెప్పాడో లేదో నేను అడగలేదు. అంతకుముందు దినమైతే అడిగేవాణ్ణే.

ఇంటికొచ్చి మామ గురించి రాసిన పేజీలు చించి పొయ్యిలో పడేశాను. అమ్మ చూసింది, రొట్టె తిప్పుకుంటూ ఉండిపోయింది. ఇంకా కాగితం కాలుతుండగానే గడీ నుంచి పిలుపు వచ్చింది.

అధికారి నోటుబుక్కు అడిగి తీసుకున్నాడు. మామ సంగతి అడిగితే, గట్టి భయం తగిలితే మాట పడిపోవడం మా పుస్తకాల్లో ఉందనీ, రావడానికి ఏళ్లు పట్టొచ్చనీ చెప్పాను. పుస్తకంలో ఉన్న మాటే. మామ విషయంలో అబద్ధం. చెబుతున్నప్పుడు నా చేతులు వెనక్కి వెళ్లాయి. ఆయన చూశాడు. చిరిగిన పేజీల మొదళ్లను వేలితో ఒక్కొక్కటిగా తడిమాడు. ఇవేమయ్యాయన్నాడు. చేతిరాత బాగా రాలేదు సార్ అన్నాను. ఆయన నోటుబుక్కు సొరుగులో పెట్టుకుని, రేపటికల్లా పట్నం వెళ్లిపొమ్మన్నాడు.

వెళ్లిపోయాను. కాలేజీలో సారుకు రాసివ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. ఎవరికి రాస్తున్నావని ఆ మనిషి అడిగాడండీ, అక్కడితో ఆపేశాను అని చెప్పాను. "అయితే కనీసం ఆ మనిషి ఒక్క మాట నీతో అన్నాడన్నమాట," అన్నాడు సారు. మార్కులు మాత్రం వేయలేదు.

వారం తిరక్కుండా బాపు జాబు రాయించాడు. అన్నను క్యాంపువాళ్లు పట్టుకుపోయారు.

బావి దగ్గర అన్న నన్ను అడిగిన సంగతి నేను రాసుకున్నాను. అది మామ గురించి రాసిన పేజీల్లోనే రాశానా, వెనక పాఠాల మధ్య ఖాళీ పేజీలో రాశానా? మామ పేజీలైతే చించాను. వెనక పేజీలు చూడలేదు. ఎంత గుర్తు చేసుకున్నా ఆ పేజీ కళ్లముందుకు రాదు. ఒకసారి చించినట్టే ఉంటుంది. ఇంకోసారి సొరుగులో ఉన్నట్టే ఉంటుంది. చిన్నాయన వాళ్లు మా ఇంటికి రావడం మానేశారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు లేదు.

పోరాటం ఆగిపోయి క్యాంపు ఎత్తేశాక మామ మాట్లాడడం మొదలుపెట్టాడని అమ్మ చెప్పింది. సెలవులకు వెళ్తే నాతోనూ మాట్లాడాడు, వానల గురించి, గొర్రెలకొచ్చే గాలికుంటు రోగం గురించి. ఆ నాలుగు దినాల మాట ఎత్తలేదు.

అన్న జైలు నుంచి వచ్చాడని తెలిసి చిన్నాయన ఇంటికి వెళ్లాను. చిక్కిపోయి ఉన్నాడు. చిన్నమ్మ నీళ్లిచ్చి లోపలికి వెళ్లిపోయింది. నేనే అడిగాను.

"అన్న, నా మీద అనుమానమున్నదా?"

అన్న నావైపు చూడలేదు.

"నీకున్నదా?" అన్నాడు.

ఉందని చెప్పాను. నోటుబుక్కు సంగతంతా చెప్పాను. ఆయన మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయకుండా చివరిదాకా విన్నాడు. నేను చెప్పడం అయిపోయాక లేచి, మబ్బు పట్టిందని వాకిట్లో ఆరబోసిన జొన్నలు ఎత్తడం మొదలుపెట్టాడు. నేనూ ఒక చేట తీసుకున్నాను. వద్దనలేదు.