అమ్మ ముట్టుకోనన్న బ్రేకు

మా చిన్నప్పుడు ఒక ఆదివారం... పెదపారుపూడి దాటి కాలువ గట్టు రోడ్డు ఎక్కామో లేదో, మా కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

నాన్న గుడివాడలో గుమాస్తా. నలుగురి చేతులు మారి మా ఇంటికొచ్చిన బండి అది... వచ్చి నెల కూడా కాలేదు. నాన్న దిగి, బానెట్ ఎత్తి, లోపలికి చూసి, మళ్ళీ మూసేశారు.

"ఎవరి సైకిలైనా ఎక్కి వెళ్ళి మెకానిక్‌ని తీసుకొస్తాను. మీరిక్కడే ఉండండి" అన్నారు.

వెనక సీట్లో నేనూ, చెల్లీ. ముందు సీట్లోంచి అమ్మ దిగింది.

"ఏవండీ, ఒక్కసారి నన్ను చూడనివ్వండి."

"నువ్వా? నడిరోడ్డు మీద ఏం బాగుంటుంది?"

అమ్మ వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, రైసు మిల్లులో ఇంజను నడిపేవారు. మిల్లు జీపుకి ఏమొచ్చినా ఆయనే విప్పి బాగుచేసేవారట. పెళ్ళయ్యేదాకా పక్కన కూర్చుని సామాను అందించింది అమ్మే. ఈ సంగతి మాకే కాదు, నాన్నకీ సరిగ్గా తెలియదు...

అమ్మ చెంగు నడుముకి దోపుకుని ఇంజను మీదికి వంగి, ఏదో నల్లటి మూత ఊడదీసింది. అటుగా వెళ్తున్న ఒక రైతుని "అన్నయ్యగారూ, అగ్గిపెట్టె ఉందా అండీ?" అని అడిగింది. పుల్ల గీయలేదు... పెట్టె పక్కనుండే గరుకు అట్టముక్క చింపి, ఆ మూత కింద రెండు చిన్న పాయింట్ల మధ్య దూర్చి నాలుగుసార్లు రుద్దింది.

"మసి పట్టింది, నిప్పురవ్వ రావట్లేదు. ఇప్పుడు సెల్ఫ్ కొట్టండి."

కొట్టారు. బండి అందుకుంది.

ఆ తర్వాత ప్లగ్గులు శుభ్రం చేయడం, ఫ్యాను బెల్టు మార్చడం... అన్నీ అమ్మే. మొదట్లో ఎవరికీ చెప్పొద్దన్న నాన్నే, మూడు నెలలు తిరిగేసరికి "మాకు మెకానిక్‌తో పనే లేదండీ, ఇంట్లోనే ఉంది" అని ఆఫీసంతా చెప్పుకోవడం మొదలెట్టారు.

అలాంటి రోజుల్లో అవనిగడ్డలో మా పెదనాన్న ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచారు. కారులో వస్తున్నామని నాన్న కబురు పంపారు. బయల్దేరే ముందురోజు పొద్దున, "బ్రేకు రెండుసార్లు తొక్కితే గానీ పడట్లేదు, కాస్త చూడు" అన్నారు అమ్మతో.

అమ్మ సీట్లో కూర్చుని తొక్కి చూసింది. మళ్ళీ తొక్కి, కాలు అలాగే ఉంచింది. దిగి వెనక చక్రం లోపలి వైపు వేలితో తడిమి, వాసన చూసింది.

"బ్రేకు ఆయిలు కారుతోంది. ఇది నేను ముట్టుకోను. షెడ్డులో ఇద్దాం."

"ఇన్ని చేసినదానివి, ఇదెంత? ఈరోజు షెడ్డుకి సెలవు, రేపు తెల్లారుతూనే బయల్దేరాలి. అన్నయ్యకి మాటిచ్చాను."

"ఇంజను చెడితే రోడ్డు మీద ఆగిపోతాం. బ్రేకు చెడితే ఆగలేం."

"పోనీ, ఆయిలు పోసుకుంటూ వెళ్దాం."

"నేనెక్కను. పిల్లల్నీ ఎక్కించను."

గొంతు పెంచలేదు. కానీ నాన్నతో అమ్మ అలా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి...

బస్సులో వెళ్ళాం. దారంతా నాన్న మాట్లాడలేదు. అవనిగడ్డలో దిగగానే పెదనాన్న "కారేదిరా?" అంటే, "రిపేరు" అని లోపలికి వెళ్ళిపోయారు. అమ్మ మొహం చిన్నబోయింది.

తిరుగు బస్సులో నా పక్కన కూర్చుని మెల్లగా అంది... "నాన్న మనసు కష్టపెట్టానే. కానీ ఆ పని తాతయ్య నాకు నేర్పలేదు. రానిది వచ్చని చెప్పి పిల్లల్ని ఎక్కించుకోలేను కదా."

మర్నాడు నాన్న బండిని మెల్లగా, హ్యాండు బ్రేకు మీద చెయ్యేసుకుని, సందు చివర షెడ్డుదాకా నడిపించారు. వెనకాలే మేమూ నడిచాం. మెకానిక్ వెంకటరత్నం గారు కిందికి దూరి, స్క్రూడ్రైవరుతో బ్రేకు ఆయిలు వెళ్ళే సన్నటి గొట్టాన్ని ఊరికే అలా కదిపారు. తుప్పు పెళ్ళలుగా రాలి, గొట్టం రెండు ముక్కలైంది.

ఆయన ఆ ముక్క తెచ్చి నాన్న చేతిలో పెట్టారు. "గట్టిగా ఒక్కసారి తొక్కి ఉంటే ఇదయ్యేదండి. కాలవ పక్కన..." అని ఆగిపోయారు. "బండి తియ్యొద్దని ఎవరు చెప్పారండీ?"

"మా ఆవిడ" అన్నారు నాన్న.

వెంకటరత్నం గారు చేతులు తుడుచుకుని, అమ్మకి స్టూలు లాగి వేశారు. "కూర్చోండమ్మా. కొత్తది ఎలా వేస్తానో చూద్దురుగాని." అమ్మ చివరిదాకా కదలకుండా చూసింది.

బాగైన కారులో ఇంటికొస్తుంటే నాన్న అడిగారు, "మొన్న బస్సులో నీతో మాట్లాడలేదని కోపమొచ్చిందా?"

"కోపం కాదండీ. మీరు బస్సెక్కేదాకా భయమేసింది... మమ్మల్ని బస్సెక్కించి మీరొక్కరే కారులో వస్తారేమోనని."

నాన్న బ్రేకు తొక్కి, ఇంటి ముందు బండి ఆపారు. తర్వాత అన్నారు... "అలాగే చేద్దామనుకున్నాను."

ఇప్పుడు నా కారు బానెట్ ఎత్తితే ఒక పెద్ద ప్లాస్టిక్ మూత తప్ప ఏమీ కనబడదు. సర్వీసు చేయించాలని ఫోన్‌లో మెసేజ్ వస్తుంది, ఎవరో వచ్చి తీసుకెళ్తారు, సాయంత్రానికి కడిగి తెచ్చి పెడతారు. ఏం విప్పారో, ఏం మార్చారో అడగను... అడగడానికైనా కొంచెం తెలిసుండాలి కదా.

మీ ఇంట్లో బండి విప్పిన చేతులు ఎవరివి? ఉంటే వాళ్ళ గురించి కింద రాయండి... అలాంటి చేతులు ఈమధ్య ఎక్కడా కనబడట్లేదు.