మూడోవాడి నవ్వు

దగ్గరగా జరిగి కూర్చోండి, నా గొంతు ఈమధ్య అంత దూరం పోవడం లేదు. ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో నేను అమెరికాలో ఎడిసన్‌కి కాపురానికి వచ్చిన కొత్తలో, టీవీ అంటే నాకు కొట్టి పలికించే వస్తువు. (మా పుట్టింటి రేడియోకి అదే వైద్యం.) మా కింది అపార్ట్‌మెంట్‌లో గుంటూరు మామ్మ ఉండేది. రెండు కళ్ళలోనూ శుక్లాలు. కొడుకూ కోడలూ ఆఫీస్‌కి పోతే మధ్యాహ్నాలు నేనే తోడు.

ఒకరోజు టీవీలో పాత ఇంగ్లీషు యుద్ధం సినిమా వస్తుందని కొడుకు చెప్పి వెళ్ళాడు. మామ్మ పొద్దుటినుంచీ మెతుకు ముట్టలేదు. ఆవిడ అన్న తెల్లవాళ్ళ పటాలంలో చేరి, యుద్ధానికి పోయి, తిరిగి రాలేదు. ఇంట్లో ఫోటో అన్నది లేదు. ఆ పటాలాన్ని మాత్రం ఈ సినిమాలో ఒక్కచోట నడిపించారట. అన్న పోయాక మామ్మ ఆ సినిమాని విజయవాడలో ఒకే ఒక్కసారి చూసింది.

"వరసలో మూడోవాడు నేనేనని ఉత్తరం రాశాడే పిల్లా. నాకు కనపడి చావదు, నువ్వు చూసి చెప్పాలి," అంది.

ఆ డైరెక్టరు ఎలాంటివాడంటే, యుద్ధం సినిమా తీసి తుపాకీ చూపించడు. ఒకావిడ కప్పు కడుగుతుంది, తుడుస్తుంది, తలుపు వంక చూస్తుంది. మళ్ళీ ఇంకో కప్పు.

"యుద్ధమెక్కడ మామ్మా? గంటనుంచీ అంట్లే తోముతోంది!"

"అదే యుద్ధం. నోర్మూసుకుని చూడవే."

ఇంతలో రేవు వచ్చింది, పటాలం వచ్చింది, ఉన్నట్టుండి చప్పుడు మొత్తం పోయింది. సంగీతం లేదు, బూట్ల శబ్దమైనా లేదు. టీవీ చెడిందనుకుని గబుక్కున లేచి దాని నెత్తిన రెండు మొత్తాను. బొమ్మ కూడా పోయింది. (చప్పుడు తీసెయ్యడం ఆ డైరెక్టరు పద్ధతని నాకెవరు చెప్పారు?) బొమ్మ తిరిగొచ్చేసరికి రేవులో నీళ్ళు తప్ప మనిషి లేడు.

"చూశావా?" మామ్మ నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"చూశా మామ్మా. అచ్చం నీ పోలికే. ఇటు తిరిగి నవ్వాడు."

మామ్మ నావైపు తిరిగింది. "వాళ్ళ మొహాలు చూపించలేదే ఆ డైరెక్టరు. అందరివీ వీపులే. అలా నడుచుకుంటూ ఓడెక్కేస్తారు," అంది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. తిడుతుందనుకున్నాను. చెయ్యి మాత్రం వదల్లేదు.

"ఎలా నవ్వాడో ఇంకోసారి చెప్పు."

చెప్పాను. ఆ చలికాలంలో ఆవిడ పోయేదాకా అడిగినప్పుడల్లా చెప్పాను. చెప్పగా చెప్పగా ఆ నవ్వు నేను నిజంగా చూసినట్టే అయిపోయింది.

ఇప్పుడు నా కళ్ళకీ అదే మసక. సీరియల్లో ఏమవుతోందే అంటే మా మనవరాలు, "నథింగ్ అమ్మమ్మా, జస్ట్ ఏడుస్తున్నారు," అంటుంది. అబద్ధమాడటం చేతకాని పిల్ల, నేర్పాలి. మీ గడప దాటి వెళ్ళినవాళ్ళంతా ఇటే మొహం పెట్టి నవ్వుతూ తిరిగి రావాలి తల్లీ, మీ ఇల్లు చల్లగా ఉండాలి.